ఎడారి ఊళ్ళో అయిదేళ్ళు

(మన సంఘము ఉగాది సభలో చేసిన ప్రసంగము)



మాట్లాడుమని కార్యదర్శిగారు అడిగినప్పుడు మేము వెనుకాడినాము. మెట్రిక్కుతో చదువు ఆపి రైల్వేలో గుమాస్తాగిరీ చేసుకొనేవాళ్ళము, సభలో ఏమి చెప్పగలము? "ఎడారిలో కాపురము చేసి వచ్చినారు గదా, ఆ సంగతులే చెప్పండి" అన్నారు. మేము అంటే మా దంపతులమని మనవి. ఆవిడ వేదిక ఎక్కనన్నది గాని, చెప్పబోయే దానిలో సగము ఆవిడదే.

2014లో మాకు రాజస్థానములోని ఫలోదీకి ఉత్తర్వులు వచ్చినవి. జోధపూరు నుండి జైసల్మేరు పోయే రైలు దారిలో చిన్న పట్టణమది. అప్పుడు జోధపూరు జిల్లాలోనిది. 2023లో వేరే జిల్లా అయినది. ఎడారి అంటే ఇసుక దిబ్బలు, ఒంటెలు అనుకొంటూ దిగినాము. చూడగా బజారు, బడులు, మిఠాయి కొట్లు, ఊరి వెలుపల ఉప్పు మళ్ళు, అన్నీ ఉన్నవి. కరవల్లా నీళ్ళకే. గాలిదుమారము లేచిన రోజున తలుపులు బిగించినా అన్నములో ఇసుక తగిలేది. వారము తిరగకముందే, సీనియారిటీ పోతే పోయిందని, సొంత కోరికపై బదిలీకి అర్జీ పెట్టినాము.

ఒక ముసలావిడ ఇంట్లో రెండు గదులు అద్దెకు తీసుకొన్నాము. అక్కడ పెద్దావిడను 'మాసా' అని పిలుస్తారు. 'సా' అనేది మన 'గారు' వంటిది. ఆమె పెరట్లో 'టాంకా' ఉన్నది. అంటే నేలలో తవ్వి గచ్చు చేసిన తొట్టి. మిద్దె మీద పడిన వాన చుక్క కాలువ వెంట వచ్చి అందులో చేరుతుంది. దానికి మూత, మూతకు తాళము. బీరువాకు తాళము వేయడము చూసినాము గాని, నీళ్ళకు తాళము వేయడము అప్పుడే చూసినాము. నవ్వుకొన్నాము కూడా.

ఇందిరాగాంధీ కాలువ వచ్చిన తరువాత ఆ ప్రాంతానికి కుళాయి నీళ్ళు అందినవి. అయితే ఎండాకాలము ముందర మరమ్మతులకని ఆ కాలువ కట్టివేస్తారు. అప్పుడు కుళాయి ఏ రోజు వస్తుందో తెలియదు. 2016 ఉగాది సరిగ్గా ఆ రోజులలో వచ్చినది. మామిడికాయ దొరకక ఎండుమామిడి పొడితోనే పచ్చడి చేసుకొన్నాము. పండుగ గదా అని మా ఆవిడ నాలుగు బిందెలతో వాకిలి కడిగి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టినది. మాసా గడపలో నిలబడి చూసినది. ఏమీ అనలేదు. ముగ్గు బాగున్నదని మాత్రము అన్నది.

మే నెల వచ్చినది. 19వ తేదీన మా ఊళ్ళో 51 డిగ్రీలు నమోదైనది. అప్పటికి దేశములో కొలిచిన వేడిమిలో అదే ఎక్కువ అని పత్రికలు వ్రాసినవి. మేము ఆఫీసులో కూలరు కింద ఉన్నాము. గ్యాంగువాళ్ళు మాత్రము తలకు గుడ్డ చుట్టుకొని, పట్టాలు ఎండకు వంగినవేమోనని నడిచి చూస్తూనే ఉన్నారు. వాళ్ళకు నమస్కారము.

ఆ వారములోనే ఎనిమిది నెలల మా పిల్లకు వాంతులు, విరేచనములు పట్టుకొన్నవి. కాచి చల్లార్చిన నీళ్ళలో ఉప్పు, పంచదార కలిపి గంట గంటకూ పట్టమన్నారు డాక్టరుగారు. గుడ్డలు ఉతకాలి, ఒళ్ళు తుడవాలి. కుళాయి వచ్చి అయిదు రోజులైనది. ట్యాంకరు రేపు, ఎల్లుండి అంటున్నారు. మా బిందెలో అడుగున రెండు చెంబుల నీళ్ళున్నవి. ఆ రాత్రి మా ఆవిడ ఆ బిందె వైపు చూసి, "ఉగాది నాడు నాలుగు బిందెలు మట్టిలో పోసినాను" అని ఏడ్చినది.

తెల్లవారకముందే మాసా తలుపు తట్టినది. చేతిలో తాళముచెవి ఉన్నది. టాంకా మూత తీసి, తానే చేది బిందె నింపి ఇచ్చినది. పిల్ల కోలుకొనేవరకు తొమ్మిది రోజులు రోజుకొక బిందె ఇచ్చినది. ఆ తొమ్మిది రోజులూ తాను ఎన్నిసార్లు స్నానము చేసినదో మేము అడగలేదు. డబ్బు ఇవ్వబోతే కోప్పడి, "నా కొడుకులు చెన్నపట్నములో కొట్టు పెట్టుకొన్నారు. వాళ్ళ పిల్లలకు అక్కడ ఎవరో ఒకరు నీళ్ళు ఇస్తూ ఉండరా?" అన్నది. మన బజారులో కొట్టు పెట్టుకొన్న మార్వాడీ సేటుకు కూడా ఇటువంటి తల్లి ఒకతె ఉంటుందని మాకు అప్పుడే తట్టినది.

ఆ తరువాత ఊరు వేరుగా కనిపించినది. మాసా వండిపెట్టే 'సాంగ్రీ' కూర ఏ చెట్టు కాయ అని అడిగితే, పొలము గట్టున 'ఖేజ్‌డీ' చెట్టు చూపించినది. చూద్దుము గదా, అది మన జమ్మి! ఇక్కడివారు బన్ని అంటారే, అదే. మనము దసరాకు ఆకు పంచుకొని ఊరుకొంటాము. అక్కడ దాని కాయ మనుషులకు కూర, ఆకు మేకలకు మేత. ఆ చెట్లను నరకనివ్వక 1730లో జోధపూరు దగ్గర ఖేజడ్‌లీలో అమృతాదేవి మొదలుకొని 363 మంది విష్ణోయీలు ప్రాణములు ఇచ్చినారు. ఆ దసరాకు మేము జమ్మి ఆకు మాసా చేతిలో పెట్టి దండము పెట్టినాము.

2019లో బదిలీ వచ్చినది. అయిదేళ్ళు ఎదురుచూసిన కాగితమది. చేతికి అందినాక ఇద్దరమూ మాట్లాడుకోలేదు. రైలెక్కేటప్పుడు మాసా ఎండు సాంగ్రీ మూట ఇచ్చి, పిల్ల చేత ఒక గుక్క టాంకా నీళ్ళు తాగించినది.

మనమందరము పొట్ట చేతబట్టుకొని వచ్చినవాళ్ళమే. మన తాతలకు ఈ హుబ్బళ్ళిలో మొదటి చెంబు నీళ్ళు ఎవరో ఇచ్చే ఉంటారు. మన వీధిలో కొత్తగా ఏ భాషవారు దిగినా, పేరు అడగక ముందు ఒక చెంబు నీళ్ళు ఇద్దాము. ఈ ఉగాదికి మా మనవి ఇంతే.

సెలవు.