ఆపరేషన్ తర్వాత తాతయ్య వింతగా మాట్లాడుతున్నారా? ఒకసారి గది చూడండి

తుంటి ఎముక ఆపరేషన్ బాగానే జరిగింది. రెండో రోజు రాత్రి తాతయ్య లేచి "బర్రెకు మేత వెయ్యాలి, నన్ను పోనీండి" అంటూ సెలైన్ గొట్టం లాగేస్తున్నారు. ఒకరు మతిపోయిందని ఏడుస్తారు, ఇంకొకరు గాలి సోకిందంటారు. డాక్టర్లు దీన్ని డెలీరియం అంటారు. పిచ్చి కాదు. గంటల్లో మొదలవుతుంది, పగలు బాగుండి రాత్రికి ముదురుతుంది, చాలామందికి కొద్దిరోజుల్లో తగ్గిపోతుంది.

కారణం మత్తుమందొక్కటే కాదు. నొప్పి, ఇన్ఫెక్షన్, ఒంట్లో నీళ్లు తగ్గడం, మూత్రం ఆగిపోవడం, కొన్ని మందులు... ఏదైనా కావచ్చు. కాబట్టి మార్పు కనిపించగానే నర్సుకి చెప్పండి, ఇది ఫస్ట్. ఇక గది సంగతికొద్దాం.

1972లో విల్సన్ అనే అమెరికా డాక్టర్ కిటికీలున్న ఐసీయూనీ, లేని ఐసీయూనీ పోల్చారు. ఆపరేషన్ అయినవాళ్లే, చెరో 50 మంది. కిటికీ లేనిచోట 40 శాతం మందికి డెలీరియం, ఉన్నచోట 18 శాతానికే. వినడానికి భలే ఉంది కదా? కానీ తర్వాతి స్టడీలు కొన్నింట్లో వెలుతురు ఒక్కదానితో తేడా కనిపించలేదు. నాకైతే అసలు పాయింట్ కిటికీ కాదనిపిస్తుంది. రాత్రంతా ట్యూబ్‌లైట్లు, మానిటర్ల బీప్‌లు, నిద్ర పట్టేలోపు బీపీ చూడ్డానికి ఎవరో లేపడం. పగలో రాత్రో తెలీదు. ఇన్‌పుట్ అంతా తప్పుగా ఇచ్చి అవుట్‌పుట్ కరెక్ట్‌గా రావాలంటే ఎలా? (పాత ఉద్యోగం అలవాటు, ఏమనుకోకండి.)

పైగా థియేటర్‌లోకి తీసుకెళ్లే ముందు కళ్లజోడు, చెవి మిషన్ తీసి మన చేతికిస్తారు. మనం కవర్లో చుట్టి బ్యాగు అడుగున పెట్టేస్తాం! ఆయనకి మనిషి మసక, మాట గొణుగుడు. ఇక భయపడక ఏం చేస్తారు?

1999లో యేల్ యూనివర్సిటీవాళ్లు వార్డుల్లో ఉన్న 70 దాటిన 852 మంది మీద చేసిన స్టడీలో కళ్లజోడు, చెవి మిషన్ అందించడం, నిద్రమాత్ర లేకుండా నిద్రపుచ్చడం, నీళ్లు తాగించడం, నడిపించడం... ఇలాంటివే చేశారు. డెలీరియం 15 శాతం నుంచి 9.9కి తగ్గింది. వాళ్లు ఆపరేషన్ పేషెంట్లు కాదు, అయినా ఇవి మనం చేసుకోగలిగిన పనులే.

డాక్టర్ ఒప్పుకోగానే కళ్లజోడు పెట్టండి. ఎదురుగా గడియారం పెట్టండి. "తాతయ్యా, నేను మీ మనవణ్ణి, ఇవాళ మంగళవారం, ఆస్పత్రిలో ఉన్నాం" అని మెల్లగా చెప్పండి. బర్రె గురించి వాదించకండి. చేతులు కట్టేస్తే ఇంకా బెదిరిపోతారు. రాత్రి మీ ఫోన్ సౌండ్ ఆపండి, రీల్స్ రేపు చూసుకోవచ్చు.

ఇంకోటి. అందరూ గోల చెయ్యరు. కొందరు పగలంతా మూసిన కన్ను తెరవరు, పిలిస్తే ఆలస్యంగా పలుకుతారు. "పాపం, రెస్ట్ తీసుకుంటున్నాడు" అని వదిలేస్తాం. అదీ డెలీరియమే కావచ్చు. అప్పుడూ నర్సుని పిలవండి.