ఓంకారానికీ ఒక నెంబరు



నెంబరు పడని కాగితానికి ఆఫీసులో దిక్కు లేదని మీకు నేను చెప్పనక్కరలేదు. కంప్యూటరులో అక్షరం సంగతీ అంతే. దానికి అంకె తెలుసు గాని ఆకారం తెలియదు. ఆకారం చూపేది ఫాంటు. వెనుకటి డి.టి.పి. ఫాంట్లలో ఏదో ఇంగ్లీషు అక్షరం నెంబరు మీదనే ఓంకారం బొమ్మను కూర్చోబెట్టేవారు. ఆ ఫాంటు లేని మిషనులో తెరిస్తే ఓంకారం పోయి ఇంగ్లీషు అక్షరం మిగిలేది. మా అమ్మాయి శుభలేఖ ప్రూఫులో అలాగే వస్తే మా ఆవిడ అపశకునమని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

1991లో వెలువడిన యూనీకోడ్ ఈ బెడదకు విరుగుడు. ఏ లిపి అక్షరానికి ఆ నెంబరు, ఎక్కడైనా అదే నెంబరు. నాగరి ఓంకారానిది 2384. తమిళ ఓంకారానికి 2008లో గాని నెంబరు పడలేదు. మరి మనకో? విడిగా లేనే లేదు! ‘ఓ’ 3091, సున్న 3074, రెండూ కలిస్తే ఓం. ఇందులో చిన్నతనమేమీ లేదు. ఓనమాలు పలక మీద దిద్దింది అలాగే కదా! శాసనాల మొదట మంగళసూచకంగా చెక్కే ‘సిద్ధం’ గుర్తుకు మాత్రం 2019లో తెలుగు వరుసలోనే 3191 దక్కింది.

ఇదంతా ఎందుకంటే, పాత ఫాంట్లలో కొట్టిన మన సంచికలు ఇప్పుడు తెరిస్తే పిచ్చిగీతలే. కీర్తిశేషులైన మన మిత్రుల జీవిత విశేషాలు వాటిలోనే ఉన్నాయి. అచ్చుప్రతులు ఎవరి పెట్టెలోనైనా ఉంటే దయచేసి తెచ్చి ఇవ్వండి. మా మనవరాలు యూనీకోడ్‌లో తిరిగి కొట్టిపెడతానంది. సెలవు.