తెరచాప కుదించు నేర్పు

గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకొమ్మని మన సామెత. అయినను హోరుగాలి వీచునప్పుడు తెలిసిన రైతు చేటను క్రిందికి దించును. లేనిచో పొట్టుతోపాటు గింజయు ఎగిరిపోవును. పడవ పందెములలోను ఇట్టి వివేకమే కావలెను. తెరచాప పెద్దదైనకొలది పడవ వేగముగా పోవునని పెక్కుమంది తలంపు. పిల్లగాలిలో అది నిజమే. గాలి ముదిరినప్పుడు మాత్రము, చాప తగ్గించిన పడవయే తరచుగా ముందునకు సాగును. దీనికి కారణమేమో విచారింతము.

అనేక దేశములలో పందెములాడు జె-24 అను పడవను ఉదాహరణముగా తీసికొందము. దాని పొడవు 24 అడుగులు. సాధారణముగా అయిదుగురు నడుపుదురు. అడుగున నీటిలోనికి దిగిన బరువైన లోహపు రెక్క యుండును. దానిని కీల్ అందురు. గాలి పడవను ప్రక్కకు వాల్పజూడగా, కీల్ బరువు దానిని నిలువబెట్టజూచును. పడవలోనివారును గాలివైపు అంచున కూర్చుండి అందులకు తోడ్పడుదురు.

ఈ రెండు బలములకును హద్దు కలదు. గాలి వేగము రెట్టింపైనచో దాని ఒత్తిడి నాలుగు రెట్లగును. గంటకు 10 నాటికల్ మైళ్ళ గాలికి తగిన చాపను 20 మైళ్ళ గాలిలోను అట్లే యుంచినచో పడవ మిక్కిలి ఒరిగి, గాలికి ఎదురుగా మరలజూచును. దానిని దారిలో నుంచుటకు చుక్కానిని బలముగా త్రిప్పి పట్టవలసివచ్చును. అట్లు అడ్డము తిరిగిన చుక్కాని నీటిని నెట్టుచు వేగమును అరికట్టును. ఒరిగినకొలది కీల్ పట్టు సడలి పడవ ప్రక్కకు జారును. చూచువారికి నురుగు చిమ్ముచు ఉరుకుచున్నట్లు తోచును, నిజమునకు వెనుకబడుచుండును.

కనుక అనుభవజ్ఞులు మొదట త్రాళ్ళు బిగించి చాపను చదును చేయుదురు. చదునైన చాపపై గాలి పట్టు తగ్గును. గాలి 20 మైళ్ళకు చేరువగునప్పటికి ముందరి పెద్ద చాపను దింపి చిన్నదాని నెత్తుదురు. అప్పటికిని ఒరుగుట తగ్గనిచో, ప్రధానమైన చాపను కొంత దించి, దాని అడుగు భాగమును మడచి అడ్డకర్రకు కట్టుదురు. దీనినే రీఫ్ అందురు.

ఇందొక మోసము కలదు. 20 మైళ్ళ గాలి వెనుకనుండి వీచుచుండగా 6 మైళ్ళ వేగమున పోవువారికి 14 మైళ్ళ గాలి మాత్రమే తగులును. గాలి నెమ్మదించినదని వారు భ్రమపడుదురు. నీటిపై తేలు గుర్తును చుట్టి గాలికి ఎదురేగగానే అదే గాలి సుమారు 24 మైళ్ళుగా తగులును. ఒత్తిడి ఇంచుమించు మూడు రెట్లగును. కావున ఆ గుర్తును చేరకమునుపే, పడవ సమముగా నున్నప్పుడే, చిన్న చాపను సిద్ధపరుపవలెను.

ఇది గెలుపోటముల సంగతి మాత్రమే కాదు. 1979 ఆగస్టులో, ఇంగ్లండులోని కౌస్ నుండి ఐర్లండు దక్షిణమున నున్న ఫాస్ట్‌నెట్ శిలను చుట్టివచ్చు పందెమునకు 303 పడవలు బయలుదేరెను. 13వ తేది రాత్రి పెనుతుపాను వానిని తాకెను. పందెకాండ్రలో 15 మంది మరణించిరి. 24 పడవలను సముద్రముననే విడిచిపెట్టవలసివచ్చెను. మిక్కిలి చిన్న పడవల తరగతిలో పందెము పూర్తిచేసినది అసెంట్ అను ఒక్క పడవయే. అట్టి తుపానులో పడవలను బోర్లించునవి అలలు. చాప కుదించినంతమాత్రమున అందరును రక్షింపబడుదురని చెప్పజాలము. కాని అలల నాపుట ఎవరి తరము? చాప మాత్రము మన చేతిలోనిది.

కుదింపవలెనా యను సందేహము కలిగిన క్షణమే కుదింపవలసిన క్షణమని నావికుల నానుడి. ముందుగా చేసినచో అది కొద్ది నిమిషముల పని. ఆలసించినచో, ఒరిగిన తట్టుపై, కొట్టుకొనుచున్న చాప క్రింద, తడిసిన చేతులతో చేయవలసిన పని. గాలి తగ్గినచో మరల విప్పుకొనవచ్చును. నీటపడిన మనిషిని మరల దక్కించుకొనుట అంత సులభము కాదు.