నగరముల వైశాల్యము



మన దేశమున పెద్ద నగరమేది యని ఈ గ్రంథాలయమునకు వచ్చు పిల్లలు నన్నడుగుచుందురు. జనముచేతనా, భూమిచేతనా? రెంటిని ఒకే పద్దున వ్రాయరాదు.

2011 జనాభా లెక్కలనాడు కలకత్తా సుమారు 185 చదరపు కిలోమీటర్లలో 45 లక్షలమందికి చోటిచ్చినది. హైదరాబాదు మహానగర పరిధి అప్పటికి సుమారు 650. జనము 67 లక్షలు. భూమి మూడున్నర యింతలు, జనము ఒకటిన్నర యింతలే!

ఇంత భూమి యెట్లబ్బెను? 2007 ఏప్రిలులో పండ్రెండు పురపాలక సంఘములను, ఎనిమిది గ్రామ పంచాయతీలను కలుపగా 175 వరకున్న పరిధి 650 అయినది. చెన్నపట్టణమును 2011లో అట్లే 175 నుండి 426కు పెరిగెను. ఇటుక పేర్చకయే నగరములు పెరుగునన్నమాట.

లెక్కలు వ్రాయువాడను గనుక నాకొక చింత కలదు. పరిధిలో పడినదెల్ల నివాసభూమి కాదు. బొంబాయి 600 పైచిలుకులో బోరివలి అడవియు చేరియున్నది. హైదరాబాదు కొలతలో చెరువులు, గుట్టలు కలవు. గ్రామ లెక్కలో చెరువు శిఖమని యున్నది నగరవాసి కంటికి ఖాళీ స్థలమే. 2020 అక్టోబరు వానలకు హైదరాబాదున చెరువుకట్టలు తెగి కాలనీలు మునిగినవి.

మన యూరును ఏనాడైన ఏ పట్టణమునో కలుపవచ్చును. అందుచే మన చెరువు శిఖము సర్వే నంబర్ల నకలు ఒకటి ఈ గ్రంథాలయపు బీరువాలో ఉంచితిని. కోరినవారు చూడవచ్చును.