చేప వాసనని కంప్యూటర్ లెక్కేస్తుందా?

ద్వారకా నగర్ నుంచి మాట్లాడుతున్నా. ఫిషింగ్ హార్బర్‌లో వంజరం కొనేముందు మొప్పలెత్తి, వాసన చూస్తాం కదా? చేప పాతబడేకొద్దీ పెరిగే ఆ వాసనకి పెద్ద కారణం ట్రైమిథైలమైన్. చనిపోయిన చేపలో బ్యాక్టీరియా దాన్ని తయారుచేస్తుంది.

దీన్ని పట్టే సెన్సర్‌కి గ్రాఫీన్ లాంటి పల్చటి పొర పనికొస్తుందా? ల్యాబ్‌కంటే ముందే కంప్యూటర్‌లో లెక్కేస్తారు, డెన్సిటీ ఫంక్షనల్ థియరీతో. ఈ థియరీకే వాల్టర్ కోన్ 1998 కెమిస్ట్రీ నోబెల్‌లో వాటా అందుకున్నారు.

వాసన అణువు పొరకి వదులుగా అంటితే సెన్సర్‌కి తెలీదు. మరీ గట్టిగా అంటితే వదలదు, రెండో చేపకి సెన్సర్ పనిచేయదు. మధ్యలో ఉండాలి.

ఇంకో మెలిక: మన వైజాగ్ గాలిలో తేమ ఎక్కువ. నీటి అణువులూ ఆ పొర మీద చోటుకి పోటీపడతాయి. అందుకే ‘కొత్త సెన్సర్ వచ్చేసింది’ అని ఎవరైనా అంటే ఒక్కటే అడగండి: తేమలో టెస్ట్ చేశారా?