అంబాసిడర్ ఇంజన్ పని 80 వేలలో అవుతుందా?

పోయిన ఎపిసోడ్‌లో రేపల్లెలో మా ఇంటి షెడ్డు, అందులో టార్పాలిన్ కింద మా తాతయ్య అంబాసిడర్ చూపించాను. 1984 మోడల్, మార్క్ 4, పెట్రోల్. ఇవాళ బండి కన్నా డబ్బు గురించి ఎక్కువ మాట్లాడతాను. ఎందుకంటే నేను ఉద్యోగం మానేసి ఏడాది దాటింది. ఈ బండి మీద పెట్టడానికి నా దగ్గర ఉన్నది 80 వేలు. అది కూడా నాన్నతో ఒక ఒప్పందం మీద. సంక్రాంతికల్లా బండి తన కాళ్ళ మీద తాను తెనాలి వెళ్ళి రావాలి. లేకపోతే తుక్కు వాళ్ళకి ఇచ్చేస్తారు. షెడ్డు ఆయనది, మాట కూడా ఆయనదే.

ముందు ఈ ఇంజన్ ఏంటో రెండు ముక్కల్లో చెప్తాను. అంబాసిడర్ అంటే ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. దాన్ని హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో 1958 నుంచి 2014 దాకా చేశారు. మా బండిలో ఉన్నది బి.ఎం.సి. బి సిరీస్ ఇంజన్, 1489 సి.సి. బోరు 73.025 మిల్లీమీటర్లు. ఇంత వింత అంకె ఎందుకంటే, వాళ్ళ కొలత అంగుళాల్లో, 2.875 అంగుళాలు. ఈ అంగుళాల గొడవ నా జేబుకి ఎలా తగిలిందో కాసేపట్లో చెప్తాను.

బండి జబ్బు ఏంటి? స్టార్ట్ అవుతుంది, కానీ నీలం పొగ కొడుతుంది, ఆయిల్ తాగుతుంది, లోడు మీద లాగదు. ఇది వినగానే ఎవరైనా "ఫుల్ ఇంజన్ పని" అనేస్తారు. అక్కడే ఆగండి. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఏదైనా పడిపోతే కోడ్ ముట్టుకునే ముందు లాగ్స్ చూసేవాళ్ళం. ఇక్కడ లాగ్స్ అంటే కంప్రెషన్ టెస్ట్. నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి, సెల్ఫ్ కొట్టి, ఒక్కో సిలిండర్‌కి గేజ్ పెట్టి చూశాం. ఒకటి 110, రెండు 105, నాలుగు 105. మూడోది 60. ఇందులో ఒక్కో అంకె ఎంత అన్నదాని కన్నా వాటి మధ్య తేడా ముఖ్యం.

తర్వాత మూడో దాంట్లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ కొట్టాం. 95కి లేచింది. అలా లేచిందంటే రింగులూ బోరూ అరిగాయని. లేవకపోతే వాల్వులో, హెడ్ ప్యాకింగో అనుకోవాలి. అప్పుడు హెడ్ ఒక్కటే దించితే సరిపోవచ్చు, ఖర్చు సగం కూడా అవదు. నాకు ఆ అదృష్టం లేదు.

సరే, బోరు పని ఖాయం అని తేలింది కదా. నేను చేసిన తెలివైన పనేంటంటే, అదే వారం బెజవాడ ఆటోనగర్ వెళ్ళి స్టాండర్డ్ సైజు పిస్టన్ సెట్ 8,500 పెట్టి కొనేశాను. పాత స్టాకు, డబ్బా చెక్కుచెదరలేదు, మళ్ళీ దొరకదేమో అని భయం. తెనాలి నుంచి వచ్చిన మెకానిక్ బాబాయ్ హెడ్ దించాడు. పిస్టన్ నెత్తి మీద మసి కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు. కింద అంకె కనబడింది: 020.

"అబ్బాయ్, ఇది ఇరవై సైజులో ఉంది. నువ్వు తెచ్చినవి ఇందులో గిలక్కాయల్లా ఆడతాయి" అన్నాడు.

అంటే ఈ ఇంజన్‌కి ఇదివరకే ఒకసారి బోర్ చేశారు. అరిగిన బోరుని చెక్కి గుండ్రంగా చేస్తే అది పెద్దదవుతుంది కాబట్టి పెద్ద పిస్టన్ వెయ్యాలి. ఆ సైజులు పది, ఇరవై, ముప్పై, నలభై. పది అంటే అంగుళంలో వెయ్యికి పది వంతులు, పావు మిల్లీమీటరు. మాది ఇరవై అయిపోయింది. నానమ్మ పక్కనే మంచం మీద కూర్చుని, "మీ తాతయ్య ఒకసారి ఇంజన్ దింపించారురా, నెల రోజులు బస్సులో తిరిగారు" అంది. ముందే ఎందుకు చెప్పలేదు అంటే, "నువ్వు అడిగావా?" అంది. నిజమే, అడగలేదు.

కొట్టువాడు పిస్టన్లు 4,000కి వెనక్కి తీసుకున్నాడు. నాలుగున్నర వేలు పోయాయి.

కాబట్టి వరుస ఇది, రాసుకోండి. ముందు కొలవాలి, తర్వాత సైజు తేల్చాలి, ఆ తర్వాత పిస్టన్లు కొనాలి, చివరగా బ్లాకునీ పిస్టన్లనీ కలిపి బోరింగ్ షాపుకి ఇవ్వాలి. కలిపి ఎందుకంటే, మంచి పనివాడు పుస్తకంలో అంకె చూసి చెక్కడు. మీరిచ్చిన పిస్టన్‌ని మైక్రోమీటర్‌తో కొలిచి, దానికి కావాల్సిన ఖాళీ కలుపుకుని చెక్కుతాడు.

కొలవడానికి నేను బాపట్లలో బీటెక్ చదివినప్పటి మిత్రుడొకడు బోర్ గేజ్ పట్టుకుని వచ్చాడు. వాడు మెకానికల్, నేను కంప్యూటర్స్. చదివే రోజుల్లో సూర్యలంక తీరం తప్ప మా ఇద్దరికీ కలిసిన సబ్జెక్టు ఇంకోటి లేదు. మూడో బోరులో పైభాగాన నాలుగు థౌ అరుగుదల ఉంది, అంటే 0.1 మిల్లీమీటరు. మిగతావి అంతకన్నా తక్కువే. ముప్పై సైజుకి చెక్కితే శుభ్రంగా వస్తుంది. ఆ తర్వాత నలభై ఒక్కటే మిగులుతుంది, అదీ దాటితే లైనర్లు దించుకోవాలి. అంటే నేను జాగ్రత్తగా నడిపితే ఈ బ్లాకు ఇంకో తరం చూస్తుంది.

ఇప్పుడు నా లెక్క. ఇవి నాకు తెనాలిలో, బెజవాడలో చెప్పిన రేట్లు, మీ ఊళ్ళో వేరుగా ఉండొచ్చు. నాలుగు బోర్లు చెక్కి హోనింగ్ చెయ్యడానికి 3,500. క్రాంక్ గ్రైండింగ్ 3,000. హెడ్ పని 5,000. ఈ 11,500 దగ్గర మాత్రం బేరం ఆడకండి. వెయ్యి తక్కువకి చేసే షాపు దొరుకుతుంది, కానీ వంకర పడిన బోరుని మళ్ళీ చెక్కాలంటే ఇంకో సైజు పోయినట్టే. సామాన్లకి 20,500: ముప్పై సైజు పిస్టన్లు, రింగులు కలిపి 9,000, బేరింగులు 4,000, ఆయిల్ పంపు 3,000, ప్యాకింగ్ సెట్ 2,500, టైమింగ్ చెయిన్ 2,000. ఇంజన్ కింద ఉండగానే క్లచ్, వాటర్ పంపు, రేడియేటర్ కూడా చూసేస్తే ఇంకో 12,500. మళ్ళీ ఇంజన్ దింపడం కన్నా ఇదే చవక. బాబాయ్ కూలీ 15,000. మొత్తం 59,500. మిగిలిన 20,500 ముట్టుకోకూడదని పెట్టుకున్నాను. ముట్టుకున్నాను, ఇప్పుడు అది 16,000.

ఆ పదహారు వేలూ దేనికంటే, క్రాంక్ కోసం. ఈ ఇంజన్ క్రాంక్ మూడు మెయిన్ బేరింగుల మీదే తిరుగుతుంది. దానికీ ఇలాగే పది, ఇరవై అని సైజులుంటాయి, కాకపోతే అక్కడ గ్రైండ్ చేసిన కొద్దీ సన్నబడుతుంది. ఇంజన్ దించి విప్పితే తప్ప అది ఏ సైజులో ఉందో తెలీదు. ఆఖరి సైజు కూడా అయిపోయి ఉంటే ఇంకో క్రాంక్ వెతకాలి.

హెడ్ పని గురించి ఒక మాట. మన దేశంలో సీసం కలిపిన పెట్రోల్ 2000 ఫిబ్రవరి 1 నుంచి ఆపేశారు. ఈ ఇంజన్ దానికి ముందు కాలంది. ఇనప హెడ్‌లోనే వాల్వ్ సీట్లు చెక్కి ఉంటాయి, ఆ సీసమే వాటికి మెత్తలా పనిచేసేది. అది లేకుండా ఎక్కువ వేగంతో, ఎక్కువ లోడుతో తిప్పితే ఎగ్జాస్ట్ సీట్లు లోపలికి దిగిపోతాయి. ఎలాగూ హెడ్ షాపుకి వెళ్తోంది కాబట్టి గట్టి సీట్లు కూర్పిస్తున్నాను. ఇప్పుడొచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌కి పాత రబ్బరు గొట్టాలూ, పెట్రోల్ పంపు డయాఫ్రమూ తట్టుకోవు. అవి మార్చడానికి అయ్యేది వందల్లోనే, మార్చకపోతే ఇంజన్ వేడి మీద పెట్రోల్ కారుతుంది. ఇది మాత్రం వాయిదా వెయ్యకండి.

బాబాయ్ ఇంకో దారి కూడా చెప్పాడు. "పాతిక వేలు పెడితే ఆటోనగర్‌లో నడిచే ఇంజన్ దొరుకుతుంది, ఎక్కించేద్దాం, నీకెందుకీ తలనొప్పి" అన్నాడు. ఒక రాత్రంతా ఆలోచించాను, అబద్ధమెందుకు. కానీ దాని లోపల ఏ సైజుందో నాకు తెలీదు, అది ఇంకొకరి జబ్బు. పైగా ఇంజన్ నంబరు మారితే ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. ఆర్‌సీ మాట వచ్చింది కాబట్టి, రూపాయి ఖర్చు పెట్టే ముందు దాని గడువు చూడండి. సొంత కారుకి 15 ఏళ్ళ తర్వాత ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. 20 ఏళ్ళు దాటిన కార్లకి ఆ ఫీజుని 2025 ఆగస్టులో 10,000 చేశారు. వింటేజ్ అని రాయించుకుందామంటే 50 ఏళ్ళు నిండాలి, మాదానికి ఇంకా టైముంది. మా నాన్న, తిట్టుకుంటూనే, గడువు పొడిగించి ఉంచారు. ఎందుకు పొడిగించారని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

నాన్న బెదిరింపు సంగతికొస్తే, తెనాలిలో ఇనప తుక్కుతో, గేర్లతో, చెయిన్లతో నిలువెత్తు విగ్రహాలు చేసే శిల్పులున్నారు. పని చెడితే కనీసం ఏ విగ్రహం మోకాలులోనో మా క్రాంక్ ఉంటుందిలే అని నానమ్మతో అన్నాను. ఆవిడ నవ్వలేదు.

ఆదివారం చెయిన్ పుల్లీ కట్టి ఇంజన్ దించుతున్నాం. మంగళవారం బ్లాకు, క్రాంక్, హెడ్ మూడూ ట్రాలీ ఆటోలో భట్టిప్రోలు, వేమూరు మీదుగా తెనాలి వెళ్తాయి. నిన్న రాత్రి అన్నం తింటుంటే నాన్న తలెత్తకుండా, "క్రాంక్ సైజు తెలిస్తే ఫోన్ చెయ్యి" అన్నారు. ఆ సైజు ఎంతో వచ్చే ఎపిసోడ్‌లో చెప్తాను. ఉంటానండి.