కార్డు అంచు కత్తిరిస్తే ఏమవుతుంది? నా ధోనీ కార్డు కథ

యానాం నుంచి మాట్లాడుతున్నాను. పోయిన వారం ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, నా క్రికెట్ కార్డుకి ఒక పక్క అంచు నూగునూగుగా ఉంది. బ్లేడుతో సన్నగా తీసేసి గ్రేడింగ్‌కి పంపనా?" అని. తమ్ముడూ, ముందు ఆ బ్లేడు కింద పెట్టు. ఈ ఎపిసోడ్ నీ కోసమే.

ఎందుకంటే ఆ పని నేను చేశాను. చిన్నప్పుడు ప్యాకెట్లో వచ్చిన ధోనీ కార్డు నాది, మెరిసే రకం. ఏళ్ళ తరబడి పాత అట్లాసులో పెట్టి దాచాను. మూలలు సూదిమొనల్లా ఉన్నాయి, మీద ఒక్క గీత లేదు. కుడి అంచు మాత్రం పీచు లేచినట్టు ఉండేది. అదొక్కటీ పోతే పదికి పది ఖాయం అనుకున్నా. మా వీధిలో జిరాక్స్ షాపు కట్టర్ మీద పెట్టి వెంట్రుకవాసి తీశా. అందంగా వచ్చింది, ఒట్టు. మొదటి జీతంలో సగం ఖర్చుపెట్టి విదేశానికి పంపాను. నెలలు ఆగాక కార్డు తిరిగొచ్చింది. నంబరు లేదు. అంచు కత్తిరించిన ఆనవాళ్ళు ఉన్నాయని ఒక్క ముక్క రాశారు, అంతే. ఫీజు వెనక్కి రాలేదు.

అసలు ఆ పీచు ఎక్కడిదో నాకు చెప్పింది మా బాబాయి. ఆయన శుభలేఖల ప్రెస్సులో కటింగ్ మిషను మీద పనిచేస్తాడు. "కార్డులు ఒక్కోటి విడిగా అచ్చువెయ్యర్రా. పెద్ద షీటు మీద వరసగా వేసి, దొంతరగా పేర్చి కోస్తారు. బ్లేడు సాన మీద ఉన్నంతసేపూ అంచు అద్దంలా వస్తుంది. మొద్దుబారిందా, కొయ్యడం మానేసి చింపుతుంది" అన్నాడు. శుభలేఖల కట్టలో పైవాటికీ అడుగువాటికీ తేడా చూపించాడు కూడా. అంటే నా కార్డు అంచు నేను పాడుచేసింది కాదు, పుట్టుకతోనే అలా వచ్చింది.

మరి గ్రేడింగ్ వాళ్ళు దాన్ని ఎలా చూస్తారు? నాలుగు చూస్తారు: బొమ్మ మధ్యలో ఉందా, మూలలు, అంచులు, పైభాగం. పీఎస్ఏ అన్నీ కలిపి 1 నుంచి 10 లోపు ఒక నంబరు ఇస్తుంది. బెకెట్ వాళ్ళు నాలుగింటికీ విడివిడిగా మార్కులు వేస్తారు. ఫ్యాక్టరీ తప్పు కదా అని కొత్త కార్డుకి జాలి చూపించరు, అంచు మీద రంగు రాలి తెల్లగా కనిపిస్తే నంబరు తగ్గుతుంది. ముదురు రంగు బోర్డరు ఉన్నవాటికి మరీ కష్టం, ఆవగింజంత రాలినా కనిపిస్తుంది. కానీ తగ్గడం వేరు, అసలు నంబరే లేకపోవడం వేరు.

కెనడా కార్డు ఒకటి చెప్తాను. ఐస్ హాకీ ఆటగాడు వేన్ గ్రెట్జ్‌కీ మొదటి కార్డు, 1979లో ఓ-పీ-చీ కంపెనీ వేసింది. వాళ్ళు షీట్లని తీగతో కోసేవాళ్ళు. అందుకే అంచులు గరుకుగా, రంపంతో కోసినట్టు ఉంటాయి. ఆ కాలపు కార్డుల్లో ఆ గరుకుదనాన్ని దెబ్బ కింద లెక్కెయ్యరు, అసలుదనానికి గుర్తుగా చూస్తారు. మరీ నున్నగా ఉంటేనే అనుమానం! పది గ్రేడు వచ్చిన ఆ కార్డు ఒకటి 2021లో 37.5 లక్షల డాలర్లు పలికింది.

తమాషా ఏంటంటే, అదే గ్రెట్జ్‌కీ 1991లో ఇంకొకరితో కలిసి హోనస్ వాగ్నర్ అనే బేస్‌బాల్ ఆటగాడి కార్డు కొన్నాడు. సిగరెట్ పెట్టెల్లో వచ్చిన 1909 నాటి కార్డు, 4,51,000 డాలర్లు. పీఎస్ఏ గ్రేడు చేసిన మొట్టమొదటి కార్డు అదే, 8 ఇచ్చారు. అంచులు అంత చక్కగా ఎలా ఉన్నాయో అని ఏళ్ళ తరబడి గుసగుసలు. 2007లో 28 లక్షలకి అమ్ముడుపోయింది. చివరికి 2013లో, దాన్ని ఒకప్పుడు అమ్మిన బిల్ మాస్ట్రో, పక్కలు కత్తిరించింది తనేనని ఒప్పుకున్నాడు. చూశారా, నిపుణుల కళ్ళు కూడా ఒకసారి మోసపోయాయి. అలాగని మీ లక్కు పరీక్షించుకోకండి బాబూ.

మా తాతయ్య పెట్టెలో ఫ్రెంచి ఇండియా స్టాంపులున్నాయి. 1954 దాకా మా యానాం ఫ్రెంచివాళ్ళదే కదండీ. స్టాంపుల్లోనూ ఇదే గోల. పళ్ళు లేని అంచుకి దొంగ పళ్ళు కొట్టి అమ్మేవాళ్ళుంటారు.

కొనేముందు ఇలా చూడండి. అదే సిరీస్‌లోవి ఇంకో నాలుగు కార్డులు తీసుకుని కట్టగా నిలబెట్టండి. మధ్యలో ఒకటి లోపలికి కుంగితే అనుమానించాల్సిందే. మామూలుగా సైజు రెండున్నర అంగుళాలు, మూడున్నర అంగుళాలు, కానీ ఫ్యాక్టరీలో కాస్త అటూఇటూ అవుతుంది. అందుకే స్కేలు కన్నా తోటి కార్డులే నమ్మకం. తర్వాత ఫోన్ టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేసి, మాక్రోలో నాలుగు అంచులూ ఫొటో తియ్యండి. మూడు అంచులు పాతబడి, ఒక్కటి మాత్రం కొత్తగా మెరుస్తుంటే, అది కత్తెర చూసిన అంచు కావచ్చు.

నా ధోనీ కార్డు? మళ్ళీ అట్లాసులోనే ఉంది. మొన్న ఒకాయన కొంటానన్నాడు, కత్తిరించిన సంగతి ముందే చెప్పాను. వంద రూపాయలిస్తానన్నాడు. ఇవ్వలేదు.